కెన్సింగ్టన్ అవెన్యూలో సెయింట్ ఫ్రాన్సిస్ ఇన్: కూర్చోబెట్టి వడ్డించే పరిచర్య

కెన్సింగ్టన్‌లో వీధి పరిచర్య చేద్దామనుకునే తెలుగు సంఘాలకు మొదటే చెప్పేస్తున్నాం: సొంతంగా వ్యాను, మైకు, బ్యానరు వేసుకుని వెళ్లకండి. అక్కడే కాపురముండి ఏళ్ల తరబడి పనిచేస్తున్నవాళ్లున్నారు. వాళ్ల దగ్గరికి వెళ్లి వాళ్లు చెప్పిన పని చేయండి. అలాంటి చోట్లలో మాకు అన్నిటికన్నా నచ్చింది, వచ్చినవాళ్లకి భోజనం పెట్టే సెయింట్ ఫ్రాన్సిస్ ఇన్. ఈ రివ్యూ ముఖ్యంగా దాని గురించే. చుట్టుపక్కల ఉన్న ఇంకొన్ని పరిచర్యల సంగతి, వీధిలోకి దిగేవాళ్లకి తప్పకుండా తెలియాల్సిన విషయాలు కూడా రాస్తున్నాం.

ఊరు తెలియనివాళ్ల కోసం కొంచెం. కెన్సింగ్టన్ అంటే అమెరికాలోని ఫిలడెల్ఫియా డౌన్‌టౌన్‌కి ఈశాన్యాన ఉన్న పాత మిల్లుల పేట. తివాచీలు, లేసులు, బట్టలు నేసిన చోటు. ఇరవయ్యో శతాబ్దం మధ్య నుంచి మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. పని పోయింది, ఇళ్లు ఖాళీ అయ్యాయి, ఆ ఖాళీలోకి మత్తుమందుల వ్యాపారం వచ్చి కూర్చుంది. కెన్సింగ్టన్ అవెన్యూ నెత్తిన ఇనుప స్తంభాల మీద రైలు నడుస్తుంది, దాన్ని అక్కడివాళ్లు ‘ఎల్’ అంటారు. నడుం వంగిపోయి నిలబడ్డ మనుషుల వీడియోలు చూసుంటారు కదా, ఆ వీధి ఇదే. ఆ వీడియోల్లో కనపడనిది కూడా ఉంది. రెండు సందులు లోపలికి నడిస్తే బడికెళ్లే పిల్లలున్న ఇళ్లు, ప్యూర్టో రికో మూలాలున్న కుటుంబాలు, గుమ్మం మెట్ల మీద కూర్చుని ఇరుగుపొరుగుతో మాట్లాడుకునే పెద్దవాళ్లు. ఈ పేట వాళ్లది. బయటినుంచి సేవ చేయడానికి వచ్చేవాళ్లు ముందుగా మర్చిపోయేది వాళ్లనే.

సెయింట్ ఫ్రాన్సిస్ ఇన్‌ని ఫ్రాన్సిస్కన్ అనే కేథలిక్ సభకి చెందిన ఫాదర్లు 1979లో మొదలుపెట్టారు. చిరునామా 2441 కెన్సింగ్టన్ అవెన్యూ. యార్క్-డాఫిన్, హంటింగ్డన్ స్టేషన్లు రెండూ నడక దూరమే. ఫాదర్లు, సిస్టర్లు, వాళ్లతో కలిసి జీవించే మామూలు విశ్వాసులు ఆ పేటలోనే ఉంటారు. రాత్రి పని ముగిసింది కదా అని సబర్బ్‌లో ఇంటికి పోయేవాళ్లు కాదు.

భోజనం పెట్టే తీరు చూడాలి. ట్రే పట్టుకుని క్యూలో జరగడం ఉండదు. వచ్చినవారు బల్ల దగ్గర కూర్చుంటారు, వాలంటీరు ప్లేటు తెచ్చి ముందు పెడతారు. వచ్చినవాళ్లని ‘గెస్టులు’ అంటారు. మన పెళ్లి బంతిలో ఎవరూ చెయ్యి చాపి అడగక్కర్లేదు, వడ్డించేవాళ్లే దగ్గరికొస్తారు. ఇక్కడా అదే మర్యాద. కోవిడ్ రోజుల్లో గుమ్మం దగ్గర పొట్లాలు ఇవ్వాల్సొచ్చింది కానీ ఈ పరిచర్యకి ప్రాణం మాత్రం ఆ బల్లే.

ఇది మర్యాదతో ఆగదు, పనికీ సాయపడుతుంది. క్యూలో తోపులాట ఉంటుంది, ‘నా వంతు’ అని గొడవలవుతాయి, చేతులకి పుండ్లున్నవాళ్లు ట్రే మోయలేరు. అదే మనిషి పావుగంట కూర్చున్నాడనుకోండి, చేతికట్టు తడిసిందని కనిపిస్తుంది. నిన్నటికీ ఇవాళ్టికీ నీరసించాడని తెలుస్తుంది. రోజూ వచ్చే ఫలానా ఆవిడ ఈ వారం రాలేదేమని అడిగే వీలుంటుంది. పేరు పెట్టి పిలవడం మొదలయ్యేది ఇక్కడే. సహవాసం అని మనం ప్రతి ఆదివారం చెప్పుకునే మాట ఈ భోజనాల గదిలో పని చేస్తూ కనిపిస్తుంది.

ఇన్ పరిచర్య భోజనంతో ఆగలేదు. బట్టలూ ఇంటి సామానూ దొరికే థ్రిఫ్ట్ షాపు ఉంది. ఆఫ్రికన్ అమెరికన్ ఫ్రాన్సిస్కన్ సిస్టర్ థియా బౌమన్ పేరు మీద మహిళల కేంద్రం ఉంది. పగటిపూట ఆడవాళ్లు భయం లేకుండా కూర్చోగలిగే చోటు ఆ వీధిలో ఎంత అవసరమో అక్కడ ఒక్క గంట నిలబడితే తెలుస్తుంది.

ఇక కొందరికి నచ్చకపోయే విషయాలు. ఇది కేథలిక్ పరిచర్య. ప్రార్థన ఉంటుంది, పూజ ఉంటుంది కానీ తినడానికి వచ్చినవాళ్లకి వాక్యం వినాలన్న షరతు ఉండదు. ప్రసంగం చేద్దామని వచ్చేవాళ్లకి ఇక్కడ అవకాశం దొరకదు. బంగాళాదుంపలు తొక్క తీయడం, గిన్నెలు తోమడం, బల్లలు తుడవడం, కాఫీ పోయడం, ఇదే పని. పాతికమంది యూత్‌ని బస్సెక్కించి తీసుకెళ్తే సగంమంది గోడకి ఆనుకుని నిలబడతారు. నలుగురైదుగురు చొప్పున జట్లు చేసి, ముందుగా ఫోన్ చేసి, ఏ రోజు చేతులు తక్కువగా ఉన్నాయో అడిగి పంపండి. పిల్లల్ని తీసుకెళ్లే ముందు కనీస వయసు ఎంతో కనుక్కోండి. ఒకసారి వెళ్లి ఫొటో దిగి రావడం కన్నా అదే ఇద్దరు ప్రతి నెలా వెళ్లడం ఎన్నో రెట్లు మేలు. గెస్టులు కొత్త మొహాల్ని నమ్మరు, నమ్మాల్సిన అవసరమూ లేదు.

వంట తీసుకెళ్దామనుకునేవాళ్లకి కొన్ని మాటలు. మన బిర్యానీ రుచి చూపించాలన్న ఉత్సాహం మంచిదే కానీ అక్కడ చాలామందికి పళ్లు పాడై ఉంటాయి, నోట్లో పుండ్లుంటాయి, మత్తుమందు దొరక్క వికారంతో ఉంటారు. కారం తగలకూడదు. మెత్తగా ఉడికిన అన్నం, ఎముకల్లేని చికెన్, చప్పటి పప్పు, మెత్తని బ్రెడ్డు వెళ్తాయి. గట్టి యాపిల్ పళ్లు మిగిలిపోతాయి, అరటిపళ్లు మిగలవు. హెరాయిన్, ఫెంటనిల్ లాంటి మత్తుమందులు వాడేవాళ్లకి మలబద్ధకం ఎక్కువ, కాబట్టి పళ్లు, నీళ్లు ఎంతిచ్చినా తక్కువే. వేడి పదార్థం 60 డిగ్రీల సెల్సియస్‌కి తగ్గకుండా వెళ్లాలి. పొద్దున వండి మధ్యాహ్నం దాకా కారు డిక్కీలో ఉంచిన అన్నం ఇవ్వడం ప్రమాదం. వీధిలో వండిన భోజనం పంచడానికి నగర నిబంధనలున్నాయి. 2025లో సిటీ కౌన్సిల్ కెన్సింగ్టన్‌లో తిరిగే సేవా వాహనాలకి పర్మిట్లు, ఒక చోట ఎంతసేపు ఆగొచ్చన్న పరిమితి కూడా పెట్టింది. ఇన్ లాంటి చోట వంటగదికి అప్పగిస్తే ఈ తలనొప్పి ఉండదు.

వస్తువులిస్తే సాక్సులివ్వండి. దుప్పట్ల కన్నా ముందు సాక్సులు. తడి కాలితో రోజుల తరబడి తిరిగితే పాదం చర్మం తెల్లబడి, చితికి, ఊడొస్తుంది. పెద్ద సైజు, మందపాటివి, నల్లవి తీసుకోండి. తర్వాత లోదుస్తులు, శానిటరీ ప్యాడ్లు, పెదవులకి రాసుకునే వ్యాసలీను, చేతి తొడుగులు. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ వద్దు. డబ్బాలో వచ్చే ఆహారమైతే మూత చేత్తో తెరుచుకునేదై ఉండాలి, వీధిలో ఓపెనర్ ఎక్కడ దొరుకుతుంది?

ఇప్పుడు ఇరుగుపొరుగు ఫిర్యాదు. శనివారం పూట వ్యాన్లు వచ్చి డబుల్ పార్కింగ్ చేస్తాయి, అరగంటలో వంద పొట్లాలు పంచి వెళ్లిపోతాయి. ఆ తర్వాత థర్మోకోల్ డబ్బాలు, సగం తిన్న అన్నం, కరపత్రాలు, వద్దని పారేసిన బట్టలు ఆ ఇళ్ల గుమ్మాల ముందు మిగులుతాయి. చీపురు పట్టేది ఆ ఇంటి పెద్దావిడ. ఏదైనా పంచితే రెండు పెద్ద చెత్త సంచులు, గ్లౌజులు తీసుకెళ్లి, వచ్చేముందు ఆ బ్లాకు ఈ చివర నుంచి ఆ చివర దాకా శుభ్రం చేసి రండి. చెత్తలో సూదులుంటాయి కాబట్టి చేత్తో తీయొద్దు. చిమ్టా వాడండి, గట్టి ప్లాస్టిక్ షార్ప్స్ డబ్బాలో వేయండి, సూదికి మూత పెట్టే ప్రయత్నం చేయొద్దు. వేళ్లు కనపడే చెప్పులు వద్దు. పొరపాటున గుచ్చుకుంటే పిండొద్దు, బ్లీచ్ పోయొద్దు, సబ్బు నీళ్లతో బాగా కడిగి వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి. హెచ్‌ఐవీ రాకుండా వేసే మందు 72 గంటల లోపే మొదలుపెట్టాలి, ఎంత త్వరగా అయితే అంత మంచిది.

వీధిలోకి అడుగు పెట్టే ప్రతి జట్టు దగ్గరా నాలోక్సోన్ స్ప్రే ఉండాలి, మత్తుమందు మోతాదు మించి ఊపిరి ఆగిపోతుంటే తిరిగి తెప్పించే మందు ఇది. 2023 నుంచి అమెరికాలో ప్రిస్క్రిప్షన్ లేకుండానే అమ్ముతున్నారు. 4 మిల్లీగ్రాముల స్ప్రేలు పెట్టెకి రెండు వస్తాయి. పెదవులు నీలంగానో బూడిద రంగులోనో మారి, ఊపిరి నెమ్మదించి, గొంతులో గురక లాంటి గరగర వస్తుంటే ముందు గట్టిగా పిలవండి, రొమ్ము ఎముక మీద పిడికిలి కణుపులతో గట్టిగా రుద్దండి. లేవకపోతే 911కి ఫోన్ చేయండి. వెల్లకిలా పడుకోబెట్టి తల కొంచెం వెనక్కి వంచి, స్ప్రే కొస ఒక ముక్కు రంధ్రంలోకి పూర్తిగా పెట్టి నొక్కండి. ముందుగా గాల్లో కొట్టి పరీక్షించకండి, దాంట్లో ఉన్నది ఒకే డోసు. నేర్చుకున్నవాళ్లుంటే 5 సెకన్లకి ఒకటి చొప్పున ఊపిరి ఊదాలి. 2, 3 నిమిషాలకీ ఊపిరి సరిగ్గా అందకపోతే రెండోది రెండో రంధ్రంలో కొట్టండి. ఊపిరి వచ్చాక పక్కకి తిప్పి పడుకోబెట్టి అంబులెన్సు వచ్చేదాకా కదలకండి, ఎందుకంటే ఈ మందు పని 30 నుంచి 90 నిమిషాల్లో తగ్గిపోతుంది, మనిషి మళ్లీ మత్తులోకి జారొచ్చు. ఫిలడెల్ఫియా ఉన్న పెన్సిల్వేనియా రాష్ట్రంలో 2014లో వచ్చిన చట్టం ఇలా సాయం చేసేవాళ్లకి రక్షణ ఇస్తుంది. స్ప్రేని శీతాకాలం కారులో వదిలేస్తే గడ్డకట్టి అవసరమైన సమయానికి పనిచేయదు, కోటు లోపలి జేబులో పెట్టుకోండి.

ఫిలడెల్ఫియాలో ఇంకో చిక్కుంది. ఇక్కడి ఫెంటనిల్‌లో పశువులకి వాడే జైలజీన్ కలిసి వచ్చేది, 2024 నుంచి అదే కోవకి చెందిన మెడెటోమిడిన్ కూడా కలుస్తోంది. నాలోక్సోన్ వీటి మీద పనిచేయదు. అయినా స్ప్రే ఇవ్వాల్సిందే, ఎందుకంటే ఊపిరి ఆపేది ఫెంటనిల్. తేడా ఏమిటంటే ఊపిరి వచ్చినా మనిషి లేవడు. లేవలేదని డోసు మీద డోసు కొట్టడం ఇక్కడ కొత్తవాళ్లు చేసే పెద్ద తప్పు. ఛాతీ లేస్తోందా, పెదవుల రంగు తిరిగొచ్చిందా, అది చూడండి. మెడెటోమిడిన్ అలవాటైనవాళ్లకి అది ఆగితే బీపీ విపరీతంగా పెరిగి, వణుకు, ఆగని వాంతులు వస్తాయి. ప్రార్థన చేసి ఒడ్డున కూర్చునే పరిస్థితి కాదది, ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఇంకో సంగతి, ఫెంటనిల్ ఉన్నవాళ్లని ముట్టుకుంటేనే మనకీ ఎక్కేస్తుందన్నది వట్టి భయం. ఆ భయంతో చెయ్యి ఇవ్వకుండా ఆగిపోకండి.

జైలజీన్ పుండ్లు సూది గుచ్చిన చోటే కాదు, ముంజేతుల మీద, పిక్కల మీద ఎక్కడైనా లేస్తాయి, లోపలి కండ దాకా నల్లగా కుళ్లుతాయి. నర్సు కానివాళ్లు విప్పి చూడొద్దు. ఇవ్వగలిగింది కట్టు పొట్లం: అంటుకోని ప్యాడ్లు, గుండ్రంగా చుట్టే గాజుగుడ్డ, వ్యాసలీను పొట్లాలు, సెలైన్ సీసా, చిన్న సబ్బు. హైడ్రోజన్ పెరాక్సైడ్, స్పిరిట్ పొట్లంలో పెట్టొద్దు, అవి కొత్తగా వచ్చే కండని కూడా చంపేస్తాయి. పుండుని ఎండబెట్టకూడదు, తడి ఆరకుండా కప్పి ఉంచాలి. జ్వరం, దుర్వాసన, చుట్టూ ఎర్రగా పాకడం కనిపిస్తే వైద్యుల దగ్గరికే. అదే పేటలో ఎస్పెరాంజా హెల్త్ సెంటర్ అని క్రైస్తవులు నడిపే క్లినిక్ ఉంది, స్పానిష్, ఇంగ్లీషు రెండూ మాట్లాడతారు. 1990ల తొలినాళ్ల నుంచి సూదుల మార్పిడి (వాడిన సూదులు తీసుకుని కొత్తవి ఇవ్వడం) చేస్తున్న ప్రివెన్షన్ పాయింట్ అనే సంస్థ చర్చిది కాదు. సూదులిచ్చేవాళ్లతో మనకేం పని అనే విశ్వాసులకి మా మాట: పుండు కట్టడం, మందు చికిత్స మొదలుపెట్టించడం వాళ్లకి తెలుసు, మనిషిని బతికించుకోవాలంటే వాళ్ల తలుపు కూడా తట్టాలి.

చికిత్స మందుల విషయంలో తెలుగు సంఘాలతో మాకు గట్టి వాదనే ఉంది. మత్తు అలవాటుకి చికిత్సగా ఇచ్చే మెథడోన్, బ్యూప్రెనార్ఫిన్ మీద ఉన్నవాళ్లని ‘ఒక మత్తు వదిలి ఇంకో మత్తు పట్టుకున్నాడు, ప్రభువు విడిపిస్తాడు, మందు మానెయ్’ అని ఎవరూ అనకూడదు. కొన్నాళ్లు మానేస్తే శరీరానికి తట్టుకునే శక్తి తగ్గిపోతుంది. ఆ తర్వాత ఒక్కసారి జారి పాత మోతాదే తీసుకున్నా ప్రాణం పోతుంది. విడుదల ప్రార్థన చేయండి, మందు కూడా వేసుకోనివ్వండి. క్రైస్తవ రికవరీ హోములు కొన్ని ఈ మందులున్నవాళ్లని చేర్చుకోవు. ఎవరినైనా పంపేముందు ఆ ఒక్క ప్రశ్న ఫోన్లో అడగండి. ‘చికిత్సకి ఇప్పుడే వస్తాను’ అని ఒక మనిషి అన్న క్షణం ఎక్కువసేపు ఉండదు, కొన్ని గంటల్లో విత్‌డ్రాయల్ (మత్తు అందక వచ్చే బాధ) మొదలవుతుంది. ఐడీ కార్డు లేదు, బెడ్డు లేదు, రేపు రండి అంటే ఆ మనిషి రేపు దొరకడు. అందుకే వెంట వెళ్లి అప్పగించేవాళ్లుండాలి. ఆ దారులన్నీ పేటలో ఉండేవాళ్లకే తెలుస్తాయి. నిద్రకి చోటు కావాలన్నవాళ్ల కోసం ప్రాజెక్ట్ హోమ్ వీధి సేవ నంబరు 215-232-1984 దగ్గర పెట్టుకోండి. ఆ సంస్థని 1989లో సిస్టర్ మేరీ స్కలియన్, జోన్ డాసన్ మెక్‌కానన్ కలిసి మొదలుపెట్టారు.

మాట్లాడే తీరు సంగతి. నిలబడి పైనుంచి మాట్లాడొద్దు, రెండు చేతుల దూరంలో గొంతుకూర్చోండి. టెంటు గుడ్డ ఎత్తొద్దు, బయటి నుంచి పిలవండి. ముందు మీ పేరు చెప్పి తర్వాత వాళ్ల పేరు అడగండి. ‘ప్రార్థన చేయమంటారా?’ అని అడిగి, సరే అంటేనే చేయండి. చాలామంది సరే అంటారు, కొందరు ఏడుస్తారు. తల మీద చెయ్యి అడక్కుండా పెట్టొద్దు, ఆడవాళ్ల విషయంలో మరీ జాగ్రత్త. పెద్దగా భాషల్లో ప్రార్థించడం అక్కడ భయపెడుతుంది. కరపత్రం ఇస్తే వెనకవైపు భోజనం, స్నానం, వైద్యం దొరికే చోట్లు రాసివ్వండి, అప్పుడు జేబులో ఉంటుంది. స్పానిష్‌లో కూడా ఉండాలి. మైకు పెట్టినా కొన్ని నిమిషాలకోసారి ఎల్ రైలు వెళ్తుంది, ఒక్క మాటా వినపడదు. వీడియోలు తీయొద్దు. సాక్ష్యం చెప్పించి యూట్యూబ్‌లో పెట్టొద్దు. ఆ మనిషి తల్లి ఎక్కడో ఆ వీడియో చూస్తుంది.

కూర్చోబెట్టి పెట్టే భోజనం కాకుండా వేరే పని కావాలనుకునేవాళ్లకి రెండు చోట్లు. ఒకటి ద సింపుల్ వే. 1995లో నార్త్ ఫిలడెల్ఫియాలో పాడుబెట్టిన సెయింట్ ఎడ్వర్డ్స్ చర్చిలో ఇల్లు లేని కుటుంబాలు తలదాచుకున్నాయి. వాళ్లని ఖాళీ చేయిస్తామంటే ఈస్టర్న్ కాలేజీ విద్యార్థులు వచ్చి వాళ్ల పక్కన నిలబడ్డారు. అందులో ఉన్న షేన్ క్లెయిబోర్న్, ఆయన మిత్రులు తర్వాత కెన్సింగ్టన్‌లో ఇల్లు తీసుకుని అక్కడే ఉండిపోయారు. ఆయన కోల్‌కతాలో మదర్ థెరీసా దగ్గర కూడా కొన్నాళ్లు పనిచేశారు. 2007లో పాడుబడ్డ గిడ్డంగి ఒకటి అంటుకుని వాళ్ల కమ్యూనిటీ సెంటరు, ఇరుగుపొరుగు ఇళ్లు కాలిపోయాయి. అయినా పేట వదల్లేదు. వాళ్ల పని ఎక్కువగా ఇరుగుపొరుగు కుటుంబాలతోనే: సరుకులు, తోటలు, ఇళ్లు. మత్తులో ఉన్నవాళ్లని ఎదుర్కోవడానికి ఇంకా సిద్ధపడని యూత్‌కి ఇది మంచి మొదలు. రెండోది ఎల్ కిందే ఉన్న రాక్ మినిస్ట్రీస్. పిల్లలకి ఉచితంగా బాక్సింగ్ నేర్పిస్తారు, బైబిల్ స్టడీ ఉంటుంది. వాక్యం చెప్పే పరిచర్యే కావాలనే మన పాస్టర్లకి ఇది దగ్గరగా అనిపిస్తుంది.

మూడింట్లో సెయింట్ ఫ్రాన్సిస్ ఇన్‌నే ముందు పెట్టడానికి కారణం సులువు. కొత్తవాళ్లు ఎవరికీ హాని చేయకుండా పనికొచ్చే చోటు అది. అంట్లు తోమే మనిషి పొరపాటు చేస్తే ఓ ప్లేటు పగులుతుంది, అంతే. వీధిలో పొరపాటు అలా ఉండదు. ఆర్నెల్లు వంటగదిలో పనిచేశాక ఏ గెస్టు ఎవరో, ఏ మూల ఎవరిదో తెలుస్తుంది. అక్కడివాళ్లు రమ్మంటే అప్పుడు వాళ్లతో కలిసి బయటికి వెళ్లండి.

వెళ్లే రోజు విషయంలో ఒక సూచన. థాంక్స్‌గివింగ్‌కీ క్రిస్మస్‌కీ ఇలాంటి చోట్ల చేతులు ఎక్కువై వాలంటీర్లని వెనక్కి పంపుతారు. జనవరి చివర, ఆగస్టు ఎండల్లో ఎవరూ రారు. నెల ఆఖరి వారంలో ఫుడ్ స్టాంపులు (తిండికి ప్రభుత్వమిచ్చే సాయం) అయిపోయి గెస్టులు పెరుగుతారు. ఫోన్ చేసినప్పుడు ఆ రోజులు అడగండి. కారులో కన్నా ఎల్ రైల్లో వెళ్లడం మేలు, పార్కింగ్ ఆ వీధిలో ఉండేవాళ్లకే చాలదు.